ఇంటిల్లిపాదికీ ఒకే ట్యూబు సరిపోదు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. తిరుపతిలో బట్టల దుకాణంలో రోజుకు పది పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మీకు గజ్జల్లో మొదలైన దురద మచ్చ, మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గిందనీ, మానేసిన పది రోజులకే తిరిగి వచ్చి ఇప్పుడు నడుము దాకా పాకిందనీ రాశారు. మీ భార్యకు లంగా బొందు కట్టుకునే చోట అలాంటి మచ్చే వచ్చింది, ఆవిడ అదే ట్యూబును ముఖం మీది మంగు మచ్చలకు కూడా రాసుకుంటున్నారు. మామిడి కాలంలో చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్లే మీ అమ్మగారికి గోళ్ల మొదళ్లు వాచి సలుపుతున్నాయి. ఆరేళ్ల మీ అబ్బాయికి మెడనిండా చెమటకాయలు, తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది. చివరగా, మీ నాన్నగారికి ముంజేతి మీద ఎర్రటి మచ్చ ఒకటి ఉందనీ, దానికి దురద లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదనీ ఒక్క వాక్యంలో దాటేశారు. అందరికీ ఆ ఒక్క ట్యూబే వాడవచ్చా అన్నది మీ ప్రశ్న. వాడకూడదు. మీరు దాటేసిన ఆ చివరి వాక్యమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. దాని గురించి చివర వివరంగా రాస్తాను కానీ, మొత్తం చదివే తీరిక లేకపోతే ముందు ఆ భాగం చదవండి.

నేను చర్మవ్యాధుల వైద్యుడిని. చిత్తూరులోనూ తిరుపతిలోనూ కలిపి ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చూడకుండా వ్యాధి నిర్ధారణ చేయడం నా పద్ధతి కాదు, కనుక ఇక్కడ రాసేది మీరు వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు దేన్ని చూపించాలో, ఏమి అడగాలో తెలియడానికే తప్ప చీటీ కాదు.

ముందుగా ఆ ట్యూబును చేతిలోకి తీసుకుని, పేరును వదిలేసి, వెనక చిన్న అక్షరాలలో ఏమున్నదో చదవండి. మీరు వర్ణించిన తీరును బట్టి అందులో మూడు నాలుగు మందుల పేర్లు ఉంటాయి: ఒకటి ఫంగస్ మందు, మరొకటి బాక్టీరియాను చంపే నియోమైసిన్ లేదా జెంటామైసిన్ వంటిది, ఇంకొకటి క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ వీటిలో ఏదో ఒకటి. ఈ చివరి రకం స్టెరాయిడ్. తెల్లారేసరికి దురద తగ్గించేది అదే, పది రోజులకు రెట్టింపు చేసి తిరిగి తెచ్చేదీ అదే. ఇలాంటి పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ నిబంధన కిందికి తెచ్చింది. అయినా "దురదకు ఏదైనా మంచిది ఇవ్వండి" అని అడిగితే ఇప్పటికీ దొరికేది చాలా చోట్ల ఆ ట్యూబే. దుకాణదారుడిని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే ఆ మాట అడిగేది మనమే.

మీకు వచ్చినది తామర అనడానికి చాలా ఆధారాలు ఉన్నాయి. తామర అనేది చర్మపు పై పొరలో ఉండే కెరటిన్ అనే పదార్థాన్ని తిని బతికే ఫంగస్. జుట్టు, గోళ్లు కూడా ఆ పదార్థంతోనే తయారవుతాయి కనుక అది అక్కడికీ పాకగలదు. మొదలైన చోటి నుంచి చుట్టూ సమానంగా విస్తరిస్తూ, తాను తినేసిన మధ్య భాగాన్ని వదిలేస్తూ పోతుంది కాబట్టి మచ్చ వలయంగా, అంచు ఎర్రగా పొక్కులతో, మధ్య కాస్త మామూలుగా కనిపిస్తుంది. ఆ అంచు ఎర్రబడటం, దురద పుట్టడం ఫంగస్ చేసే పని కాదు, దాన్ని తరిమేయడానికి మన ఒంటిలోని రక్షణ వ్యవస్థ చేసే ప్రయత్నం. స్టెరాయిడ్ సరిగ్గా ఆ ప్రయత్నాన్నే అణచివేస్తుంది. దొంగను చూసి మొరిగే కుక్కకు మత్తుమందు పెట్టినట్టు, ఇంట్లో చప్పుడు లేదు కదా అని మీరు నిద్రపోతారు, దొంగ మాత్రం గదులన్నీ తిరుగుతుంటాడు. మందు మానగానే మత్తు దిగి మళ్లీ మొరుగుడు మొదలవుతుంది, అప్పటికి మచ్చ రెండింతలై ఉంటుంది. ఇలా రాసి మానిన వారిలో ఒక వలయం లోపల మరొక వలయం, దాని లోపల ఇంకొకటి కనిపిస్తాయి. నీళ్లలో రాయి వేస్తే లేచే అలల వంటి ఆ గుర్తును చూడగానే ఎన్ని ట్యూబులు అయిపోయాయో సుమారుగా చెప్పగలుగుతాము. గజ్జల వంటి మెత్తటి చోట నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద పడేటటువంటి చారలు పడతాయి. తామర నయమైనా ఆ చారలు పోవు.

మా తరం వైద్యులు చదువుకున్న రోజుల్లో తామర చిన్న విషయం. ఒక క్రీము, అవసరమైతే రెండు వారాల టెర్బినాఫిన్ మాత్రలు, అంతటితో సరి. గత పది పదిహేనేళ్లలో ఆ పరిస్థితి పూర్తిగా మారింది. దేశమంతటా ఒక కొత్త రకం ఫంగస్ పాకింది. 2020లో జపాను పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. పేరులోని 'ఇండో' మన దేశమే. ఇది ఇతర దేశాలలోనూ కనిపిస్తోంది. టెర్బినాఫిన్ పనిచేయవలసిన ఎంజైములో జన్యుమార్పు రావడం వల్ల ఈ రకంలో చాలావాటికి ఆ మందు పనిచేయదు. అందుకే ఇప్పుడు మేము ఎక్కువగా ఇట్రాకొనజోల్ అనే మాత్రను రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ కాలం వాడవలసి వస్తోంది. ఈ మాత్ర కడుపులో ఆమ్లం ఉంటేనే సరిగ్గా ఒంటికి పడుతుంది కనుక భోజనం తరువాతనే వేసుకోవాలి, గ్యాసు మాత్రలతో కలిపి వేసుకోకూడదు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే ప్రమాదం, గుండె బలహీనంగా ఉన్నవారికీ గర్భిణులకూ ఇవ్వము. కాబట్టి మీరు వాడే ఇతర మందులన్నీ వైద్యుడికి చెప్పాలి. మీ భార్య గర్భం కోసం ప్రయత్నిస్తున్నట్లయితే అది కూడా సంకోచం లేకుండా చెప్పాలి. మీ వయసులో ఇంతగా పాకినప్పుడు రక్తంలో చక్కెర ఒకసారి చూడటం కూడా మంచిది.

క్రీము ఎలా రాయాలో ఎవరూ చెప్పరు గనుక చెబుతున్నాను. కంటికి కనిపించే అంచు దగ్గర ఫంగస్ ఆగిపోదు. అంచుకు అవతల రెండు వేళ్ల వెడల్పు మామూలు చర్మం మీద మొదలుపెట్టి లోపలికి రాయాలి. మచ్చ పూర్తిగా మాయమైన తరువాత కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. మానిన చోట నల్లమచ్చ కొన్ని నెలలు మిగిలిపోతుంది, అది వ్యాధి కాదు, దాని మీద రుద్దడానికి మళ్లీ ఏ ట్యూబూ కొనవద్దు.

మందు కంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది బట్టలను. బిగుతైన జీన్సు, లోపల తడిసిన లోదుస్తులు, రోజంతా నిలబడే పని, పైగా వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన తిరుపతి ఎండ. ఫంగస్‌కు ఇంతకంటే అనువైన ఇల్లు మనం కట్టించి ఇవ్వలేము. దుకాణంలో యూనిఫారం తప్పనిసరి అయితే కనీసం కాస్త వదులుగా ఉండేది కుట్టించుకోండి, మధ్యాహ్నం లోదుస్తులు మార్చుకోండి. లోదుస్తులూ తువ్వాళ్లూ వేడినీటిలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయాలి. ఇంటిలోపల దండెం మీద సగం ఆరిన తువ్వాలునే నలుగురూ వాడుకోవడం వల్లనే చాలా ఇళ్లలో తామర ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఇక మొలతాడు సంగతి. మీకు ఉంటే, వైద్యం పూర్తయ్యే దాకా దాన్ని తీసేయండి. సంవత్సరాల తరబడి చెమటలో నానుతూ నడుము చుట్టూ తిరిగే ఆ దారం ఫంగస్‌ను మళ్లీ మళ్లీ చర్మానికి అంటిస్తుంది. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే పాతది తీసేసి, నయమయ్యాక కొత్తది కట్టుకుంటానని చెప్పండి, సాధారణంగా ఒప్పుకుంటారు. మీ భార్యగారు లంగా బొందును కాస్త వెడల్పాటి పట్టీగా మార్చుకుని, ప్రతిరోజూ అదే గీత మీద బిగించకుండా ఉంటే మంచిది. మీ ఇద్దరికీ వైద్యం ఒకేసారి జరగాలి. ఒకరు మాని ఒకరు మిగిలితే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

ఊళ్లో ఎవరో మెట్టతామర ఆకు నూరి రాయమన్నారని కూడా రాశారు. ఆ ఆకులో ఫంగస్‌ను కొంతవరకు అణచే పదార్థం నిజంగానే ఉంది, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ గజ్జల వంటి చోట అది చర్మాన్ని కాల్చేస్తుంది. కాలిన చోట తామర ఎక్కడ ముగిసిందో పుండు ఎక్కడ మొదలైందో మాకు కూడా తెలియకుండా పోతుంది. వద్దు.

మీ భార్య ముఖం విషయం వేరు. ముఖం మీద స్టెరాయిడ్ రాసిన మొదటి రెండు వారాలు రంగు తేలినట్టు, నున్నబడినట్టు అనిపిస్తుంది, అందుకే పొరుగింటివారు కూడా ట్యూబు పేరు అడిగి రాసుకుంటారు. కొన్ని నెలలయ్యేసరికి ఎండలోకి వెళ్తే మంట, ఎర్రటి సన్నటి రక్తనాళాలు, చిన్న చిన్న మొటిమలు, బుగ్గల మీద నూగు జుట్టు కనిపిస్తాయి. మానేస్తే ముఖం ఉబ్బి మండుతుంది కనుక భయపడి మళ్లీ రాస్తారు, అలా మానలేని స్థితికి చేరుతారు. ఎన్ని నెలలుగా రాస్తున్నారో మీరు రాయలేదు. రెండు మూడు వారాలే అయితే ఇవాళే మానేయవచ్చు, నెలలు దాటి ఉంటే వైద్యుడి పర్యవేక్షణలో తక్కువ శక్తిగల మందుకు మారుస్తూ మాన్పించాలి. మంగు మచ్చలకు మొదటి వైద్యం ఎండ నుంచి కాపాడుకోవడం. అందుకు గొడుగు, సన్‌స్క్రీన్, ఓపిక కావాలి, అంతకంటే త్వరగా పనిచేసేదని ఎవరైనా చెబితే ఆ ట్యూబు వెనక వైపు చదవండి.

అబ్బాయి తలలోని మచ్చను మీ అత్తగారు పేనుకొరుకుడు అన్నారు, గురివింద గింజ అరగదీసి రాస్తామంటున్నారు. పేరు ఎలా ఉన్నా పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదు. మన ఒంటిలోని రక్షణ కణాలు పొరపాటున జుట్టు కుదుళ్ల మీదనే దాడి చేయడం వల్ల వచ్చేది అది. ఆ మచ్చ అద్దంలా నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు, దురద ఉండదు, అంచున కుదురు దగ్గర సన్నగా పైన లావుగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. ఒకటి రెండు మచ్చలే ఉన్న చాలామంది పిల్లల్లో ఏడాదిలోగా జుట్టు దానంతట అదే వస్తుంది. త్వరగా రావడానికి మేము ఇచ్చే పూతమందు ఏమిటో తెలుసా, స్టెరాయిడే. ఇక్కడ అణచవలసింది ఒంటి సొంత దాడినే కనుక అక్కడ విషమైన మందు ఇక్కడ ఔషధం. ఆ ట్యూబును నేను శత్రువుగా చూడటం లేదని, తెలియకుండా వాడటం గురించే రాస్తున్నానని మీకు అర్థం కావడానికి ఇది చెప్పాను.

అయితే మీ అబ్బాయిది పేనుకొరుకుడేనా అన్న అనుమానం నాకుంది. ఇంట్లో ఇద్దరికి తామర ఉన్నప్పుడు పిల్లవాడి తలలో జుట్టు ఊడితే మొదట తల తామరను అనుమానించాలి. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. తెల్లటి పొట్టు ఉన్నదా, వెంట్రుకలు కుదురు దాకా విరిగి నల్లటి చుక్కల్లా కనిపిస్తున్నాయా, మెడ వెనక గడ్డలు చేతికి తగులుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఫంగస్ కావచ్చు. కుదురు లోపలికి క్రీము చేరదు కనుక తల తామరకు పూతమందు పనిచేయదు, గ్రిసియోఫుల్విన్ వంటి మందు ఆరు నుంచి ఎనిమిది వారాలు నోటి ద్వారా ఇవ్వాలి, పాలతోనో వెన్నతోనో ఇస్తే బాగా ఒంటికి పడుతుంది. ఒక్కొక్కప్పుడు మచ్చ చీముతో ఉబ్బి పెద్ద గడ్డలా తయారవుతుంది. దాన్ని సెగగడ్డ అనుకుని కోయించకూడదు, కోస్తే మచ్చపడి అక్కడ జుట్టు ఇక రాదు. తేడా తేల్చడానికి కొన్ని వెంట్రుకలు, కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలు, ఫంగస్ కొమ్మలు వేసిన దారాల్లా, కొన్నిసార్లు వెంట్రుకను ఆనుకుని ఉన్న చిన్న గింజల్లా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల పని. మీ మచ్చకు కూడా ఈ పరీక్ష చేయమని అడగండి.

గురివింద గింజ మాత్రం ఇంట్లో నుంచి తీసేయండి. ఎర్రగా నల్లటి చుక్కతో ముచ్చటగా ఉండే ఆ గింజలో అబ్రిన్ అనే ప్రాణాంతక విషం ఉంది. పగలని గింజను మింగితే తొడుగు గట్టిది కనుక ఒక్కోసారి బయటపడవచ్చు, కానీ అరగదీసిన గింజను గీసుకుపోయిన తల మీద రాయడం, ఆ చేతులతోనే పిల్లవాడు అన్నం తినడం నేను ఊహించడానికి కూడా ఇష్టపడను.

తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా అని కూడా అడిగారు. జుట్టు ఒత్తుదనం చర్మం కింద ఉన్న కుదుళ్ల లెక్కను బట్టి, వాటి ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. పైన కోసినంత మాత్రాన కింద ఏమీ మారదు. కోసిన కొస మొద్దుగా ఉండటం వల్ల మొలిచేటప్పుడు చేతికి గరుకుగా తగులుతుంది, దాన్నే ఒత్తుగా వచ్చింది అనుకుంటాము. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ముందూ అంతే, తరువాతా అంతే. మొక్కు మొక్కు కోసమే తీర్చుకోవాలి, వైద్యం కోసం కాదు. తల తామర అయితే మందు పూర్తయ్యాక కొండకు వెళ్లండి, ఈలోగా గుండు గీయిస్తే ఆ కత్తి తరువాతి పిల్లవాడి తలకు కూడా తగలవచ్చు. ఎప్పుడు ఎక్కడ గీయించినా కొత్త బ్లేడు మీ కళ్ల ముందే వేయించుకోండి.

చెమటకాయల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్వేదగ్రంథి నుంచి చెమట బయటికి వచ్చే సన్నటి గొట్టం మూసుకుపోతే చెమట చర్మం లోపలే చిమ్మి చిటపటలాడే పొక్కులు లేస్తాయి. చెమట పట్టకుండా చల్లగా ఉంచితే కొద్ది రోజుల్లో అవే పోతాయి. మందంగా పౌడరు చల్లి, దాని మీద నూనె రాసి, మూసుకున్న గొట్టాన్ని మరింత మూయకండి. తాటిముంజల నీళ్లు రాయడం మన వైపు అలవాటు, అది చల్లగా హాయిగా ఉంటుంది, హాని లేదు. మామిడిపండ్లు తింటే ఒంట్లో వేడి పెరిగి సెగగడ్డలు లేస్తాయని పిల్లవాడికి పండు మాన్పించారట. సెగగడ్డలకు కారణం స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా. అది చెమటా గీకుడూ ఎక్కువగా ఉండే కాలంలో రెచ్చిపోతుంది, ఆ కాలమే మామిడి కాలం కావడం పండు చేసిన పాపం కాదు. కడిగి ఇవ్వండి, తిన్నాక మూతి కడగండి.

మూతి ఎందుకు కడగాలంటే మామిడి సొన వల్ల. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే ఆ జిగురు జీడిపిక్క నూనెకు దగ్గరి చుట్టం, తగిలిన చోట చర్మాన్ని కాల్చి నల్లమచ్చ చేస్తుంది. తోటల్లో కాయ కోసేవారి ముంజేతుల మీద ఈ మచ్చలు ఏటా చూస్తాను. మీ అమ్మగారి సమస్యకు మాత్రం సొన ఒక్కటే కారణం కాదు. తోతాపురి కాయ చెక్కు తీసే చేతులు గంటల తరబడి పులుపు రసంలో, నీళ్లలో నానుతాయి. గోటికీ చర్మానికీ మధ్య సందును మూసి ఉంచే సన్నటి పొర ఒకటి ఉంటుంది, అది అలా నానినాని ఊడిపోతే సందు తెరుచుకుని రసమూ క్రిములూ లోపలికి దిగుతాయి. మొదలు వాచి, దిండులా ఉబ్బి, గోరు మీద అడ్డగీతలు పడతాయి. ఇది నెలల తరబడి సాగే గోరుచుట్టు. ఒకే వేలికి హఠాత్తుగా చీముపట్టి వచ్చే గోరుచుట్టు వేరు. దానికి చీము తీయాలి, యాంటీబయాటిక్ కావలసి రావచ్చు. వేలికి నిమ్మకాయ తొడగడం దానికీ వద్దు, దీనికైతే అసలే వద్దు, ఇప్పటికే పులుపుతో పుండైన చోట ఇంకొంత పులుపు పోసినట్టవుతుంది.

అమ్మగారికి ముఖ్యమైన మందు పొడిదనం. రబ్బరు తొడుగు నేరుగా వేసుకుంటే లోపల చెమట పట్టి మళ్లీ నానుడే కనుక, లోపల పలుచటి నూలు తొడుగు వేసుకుని పైన రబ్బరుది వేసుకోవాలి. నూలువి రెండు మూడు జతలు పెట్టుకుని తడవగానే మార్చాలి. ఇంటికి వచ్చాక వేళ్లు పొడిగా తుడిచి, మొదళ్లకు వాజలీను పట్టించాలి. ఆ ఊడిన పొర తిరిగి అతుక్కునే దాకా, అంటే కొన్ని నెలలు, ఇది తప్పదు. వాపుకు వైద్యుడు మళ్లీ ఒక స్టెరాయిడ్ పూతనే రాయవచ్చు, ఆశ్చర్యపోకండి. గోరు వంకర పోయింది కదా అని ఫంగస్ మాత్రలు మాత్రం పరీక్ష లేకుండా మొదలుపెట్టనివ్వకండి. చూడటానికి పుచ్చుగోరులా కనిపించే గోళ్లలో సుమారు సగం వాటిలో ఫంగస్ ఉండదు. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఏ వైద్యం చేసినా మంచి గోరు పూర్తిగా రావడానికి ఆరు నెలలు పడుతుంది. మధుమేహం ఉన్నదేమో ఆవిడకు కూడా పరీక్ష చేయించండి.

ఇక నాన్నగారి మచ్చ.

తామర దురద పెడుతుంది. గజ్జి రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. దురద లేని, నొప్పి లేని, నెలల తరబడి అలాగే ఉన్న ఎర్రటి లేదా పాలిపోయిన మచ్చను చూస్తే మన దేశంలో ఏ వైద్యుడైనా మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: అక్కడ స్పర్శ ఉన్నదా? కుష్ఠు అన్న మాట వినగానే ఇంటివారి ముఖాలు మారిపోతాయి కనుక మేము కూడా ఆ మాటను ఆలస్యంగా అంటాము. ఒకసారి ఆ ఆలస్యం నావల్లనే జరిగింది. చిత్తూరులో ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, పలమనేరు వైపు నుంచి ఒక పాడి రైతు ముంజేతి మీద వలయం లాంటి మచ్చతో వచ్చారు. సాయంత్రం పొద్దుపోయింది, బయట ఇంకా పాతికమంది కూర్చున్నారు. వలయం కనిపించింది, తామర క్రీము రాశాను, దురద ఉన్నదా అని కూడా అడగలేదు. ఏడు నెలల తరువాత ఆయనే తిరిగి వచ్చి చేయి చాపారు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య చర్మం కాలి నల్లబడి ఉంది. బీడీ కొస దాకా కాలి వేళ్లను కాల్చినా ఆయనకు తెలియలేదు. చూసినవాళ్లు చెబితే తెలిసింది. మోచేయి వెనక నరం తాడులా లావెక్కి చేతికి తగిలింది. మందులతో వ్యాధి నయమైంది, పోయిన స్పర్శ మాత్రం చాలావరకు తిరిగి రాలేదు. అప్పటి నుంచి వలయం కనిపించిన ప్రతివారికీ, బయట ఎందరు ఉన్నా, దూది పరీక్ష చేయకుండా చీటీ రాయడం లేదు.

ఆ పరీక్ష మీరు కూడా ఇవాళ సాయంత్రం చేయవచ్చు. దూదిని సన్నటి వత్తిలా కొస లాగి, ముందు మంచి చర్మం మీద తాకించి ఎలా ఉంటుందో నాన్నగారికి తెలియనివ్వండి. తరువాత ఆయనను కళ్లు మూసుకోమని, తాకినప్పుడల్లా తాకిన చోట వేలు పెట్టి చూపించమని చెప్పి, మచ్చ మీద ఒకసారి, పక్కన ఒకసారి, క్రమం లేకుండా తాకించండి. రుద్దకండి, తాకించండి చాలు. మచ్చ మీద తెలియడం లేదంటే, లేదా చిటికెన వేలు తిమ్మిరిగా ఉందంటున్నా, వేడి గ్లాసు పట్టుకున్నప్పుడు వేడి సరిగా తెలియడం లేదన్నా, రేపే తీసుకువెళ్లండి. పరీక్షలో అంతా తెలిసినా సరే, ఈ వారంలో చూపించండి, ఎందుకంటే మొదట్లో స్పర్శ కొద్దిగానే తగ్గి ఉండవచ్చు.

అది కుష్ఠే అయితే, ఇప్పుడు దానికి ఆరు నెలలు లేదా పన్నెండు నెలల మాత్రలతో పూర్తి వైద్యం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకొక ప్యాకెట్టు చొప్పున ఉచితంగా ఇస్తారు, ఎక్కడికీ పంపించరు, ఎవరినీ వేరుగా ఉంచనక్కరలేదు. మందు మొదలైన కొద్ది రోజులకే ఆయన నుంచి ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. క్లోఫాజిమిన్ అనే మాత్ర వల్ల ఒళ్లు కాస్త నల్లబడవచ్చు, ముందే చెబితే భయపడరు. ఆపాక కొన్ని నెలలకు మామూలు రంగు వస్తుంది. ఇంట్లో మిగతావారిని, ముఖ్యంగా పిల్లవాడిని, కూడా పరీక్ష చేసి, అవసరమైతే ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తారు.

మీరు తిరుపతిలోనే ఉన్నారు గనుక రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి ఉదయం ఓపీ వేళకు అందరూ కలిసి వెళ్లండి. ఆ ట్యూబును పారేయకుండా వెంట తీసుకువెళ్లి వైద్యుడి బల్ల మీద పెట్టండి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి తామర మచ్చ మీద ఏమీ రాయకపోతే ఫంగస్ తేలికగా కనిపిస్తుంది. నాన్నగారిని మొదట చూడమని అడగండి.